మూత బిగించిన మాగాయ సీసా

మేం దోహాలో, అల్ మన్సూరా అనే పేటలో ఉంటాం. మొన్న సెలవులకి మావారి ఆఫీసులో పనిచేసే మూర్తిగారి కుటుంబంతో కలిసి మెక్సికోలోని ఒహాకా వెళ్ళాం. కింద సముద్రం, పైన కొండలు, వాటి మధ్య స్పానిష్ వాళ్ళు కట్టిన రంగురంగుల పాత ఊళ్ళు. కొండమీద ఒక ఊళ్ళో మేం దిగిన ఇంటి పెద్దావిడ, మేం మాంసం తినమని తెలిసి, మాకోసం చిక్కుడుగింజల కూర వండి, పెనంమీది మొక్కజొన్న రొట్టెలు వేడివేడిగా వడ్డించింది.

మూర్తిగారు ఆ కంచం పక్కకి నెట్టి, దోహా నుంచి మోసుకొచ్చిన రైస్ కుక్కర్, మాగాయ సీసా బల్లమీద పెట్టారు. ఆవిడ వాసనకే మురిసిపోయి, రొట్టెముక్కతో చెయ్యి చాచి, కొంచెం వెయ్యమని సైగ చేసింది.

"ఇంకా వారం గడవాలండీ. అడిగినవాళ్ళందరికీ పెడితే మనకేం మిగులుతుంది?" అంటూ ఆయన మూత బిగించేశారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకు తల కొట్టేసినంత పనైంది.

దోహా తిరిగొచ్చాక మూర్తిగారింట్లో భోజనాలు. "అక్కడ తిండే లేదండీ! అతిథి మర్యాదంటే మన తెలుగువాళ్ళదే" అంటూ అందరిముందూ నా కంచంలో మాగాయ వెయ్యబోయారు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"మూత పెట్టేయండి మూర్తిగారూ. అడగనివాళ్ళకి కూడా పెడితే మీకేం మిగులుతుంది?"

మావారు బల్లకింద నా కాలు తొక్కారు. తొక్కితే తొక్కనీ.

ఇప్పుడు ఆ ఇంటినుంచి మాకు పిలుపుల్లేవు. నేను మాత్రం మొక్కజొన్న రొట్టె చేసినప్పుడల్లా మాగాయే నంజుకుంటున్నాను. ఎంత బాగుంటుందో! ఆ సంగతి వాసన చూసే కనిపెట్టిన మనిషికి ఒక్క ముక్క పెడితే ఏం పోయిందట?