లింగవ్వ కోసిన కూర

మా లింగవ్వకు కలుపు మొక్క అన్న మాటే గిట్టేది కాదు. తినే ఆకును పట్టుకొని కలుపంటారా, కళ్లు నెత్తికెక్కాయి వీళ్లకు అని తిట్టేది. మేమంతా సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్లం. దగ్గర్లోని పల్సానా ఊరి అవతల చెరకు తోటల్లో గునుగు, గంగవాయిలి ఏపుగా పెరుగుతాయి. అక్కడి రైతులకవి గడ్డి, మాకు పప్పులోకి కూర. సెలవు రోజున లింగవ్వ షేర్ ఆటోలో పోయి ఒడినిండా కోసుకొచ్చి గల్లీకంతా పంచేది. మొదటి ముద్ద మాత్రం మనవరాలు రిద్ధికే. తల్లి పెడితే మొహం తిప్పుకునే ఆ పిల్ల, బాపమ్మ కలిపి పెడితే కంచం నాకేది.

రైతులు గడ్డిమందు కొడతారని మాకు తెలియక కాదు. మందు పడితే ఆకు మాడుతుంది కదా, పచ్చగా ఉందంటే పడనట్టే అనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది. మందు పడిన ఆకు కూడా కొన్నాళ్లు నవనవలాడుతుందని మాకెవరు చెప్పారు?

నిరుడు లింగవ్వకు మాట తడబడింది. చేతిలో చెంబు జారిపోయేది. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన భావన అనే తెలుగమ్మాయి, మందు కొట్టే కూలీల రక్తం మీద పరిశోధన చేస్తోందని విని నేనే లింగవ్వను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. మెదడు రక్తనాళాల లోపలి కణాలు విషం తగిలితే సన్నసన్న బుడగల్ని ఎక్కువగా విడుస్తాయట. అవి రక్తంలో కొట్టుకొస్తాయట. కంటికి ఆనవు, యంత్రానికి దొరుకుతాయట.

లింగవ్వ రక్తంలో అవి విపరీతంగా ఉన్నాయి. ఆమె బెదరలేదు.

"నాదేముంది బిడ్డా, కాటికి కాళ్లు జాపినదాన్ని. మా పోరి రక్తం జూడు జర," అంది.

ఆ మధ్య రిద్ధి బడిలో కళ్లు తిరిగి పడిన దగ్గర్నుంచి ఆమెకు అదే దిగులు. పిల్లల రక్తం తన పరిశోధనలో లేదని భావన ముందు ఒప్పుకోలేదు. చివరికి పైవాళ్ల అనుమతి తెచ్చి, తల్లిదండ్రులను అడిగి తీసుకుంది. ఫలితం వచ్చేదాకా లింగవ్వకు ముద్ద దిగలేదు.

పిల్ల రక్తంలోనూ ఉన్నాయి.

"పెద్దమ్మా, దెబ్బ తగిలిందనడానికి ఇది గుర్తు మాత్రమే. దెబ్బ ఎంతో, మానుతుందో లేదో మాకింకా తెలియదండి. మందు కూడా లేదు," అంది భావన తల దించుకొని. ఆ కూర ఇక పెట్టొద్దని, పిల్లను పెద్ద డాక్టరుకు చూపించమని చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. తెలుసుకొని ఏం చేయాలమ్మా, కూర్చుని ఏడవాలా అని అడిగేశాను.

ఆ రోజు నుంచి లింగవ్వ పిల్ల కంచంలో చెయ్యి పెట్టలేదు. బజారు కూరే అత్తమ్మా అని కోడలు బతిమాలినా వినలేదు. తన చేతిలోనే విషం ఉన్నట్టు కుమిలిపోతోంది.

నిన్న రిద్ధి కంచం పట్టుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. లింగవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేనేం జేసిన బాపమ్మా? మాఫ్ చెయ్యి," అంది.

లింగవ్వ గోడ వైపు తిరిగింది. పిల్ల పస్తు పడుకుంది.