మా అత్త నడుం నొప్పి

నా చిన్నప్పుడు, పదమూడో ఏట అనుకుంటాను, ఒక్కసారిగా పొడుగెక్కిపోయాను. పలాసకీ సముద్రానికీ మధ్య ఉన్న మా ఉద్దానం ఊరికి అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. వీధుల్లో స్తంభాలు పాతుతున్నారు. ఇంకేముంది, బడిలో మగపిల్లలకి నాకు పెట్టడానికి ఓ పేరు దొరికేసింది. "కరెంటు స్తంబం వత్తంది, తప్పుకోండ్రోయ్!" అని అరిచేవారు. అంత పొడుగు ఎక్కడ దాచుకోవాలో తెలియక వీపు వంచి, మెడ లోపలికి లాక్కుని నడిచేదాన్ని. ఆటల పీరియడ్ వస్తే కడుపు నొప్పి అనేదాన్ని. అద్దం చూస్తే ఏడుపొచ్చేది.

ఆ ఏడు అమ్మవారి సంబరంలో మా ఇంటి ఘటం ఎత్తే వంతు నాకు వచ్చింది. పసుపు రాసిన కుండలో నీళ్లు నింపి, వేపకొమ్మలు పెట్టి, ఇంటి ఆడపిల్ల నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలి. మా ఊళ్లో చేత్తో పట్టుకోవడం కూడా కుదరదు. అందరూ నన్నే చూస్తారన్న ఊహకే ప్రాణం పోయినంత పనైంది. ఎత్తనంటే ఎత్తనని మొండికేశాను. ఇంట్లో మరో ఆడపిల్ల లేదు. అమ్మ తిట్టింది, బతిమాలింది, చివరికి కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా ఇంట్లోనే ఉండే మేనత్త మాత్రం ఒక్క మాట అనలేదు. మనిషి పొట్టి, నోరు పెద్దది, ఆవిడ ఊరుకుందంటేనే నాకు అనుమానం రావలసింది. మర్నాడు పొద్దున్నే నడుం పట్టుకుని అరుగు మీద చతికిలబడింది.

"నడుం పట్టీసినాదే గుంటా. సంబరం దాకా కొబ్బరి మొక్కలకి నీలు నువ్వే పొయ్యాల."

మా లేత మొక్కలు ఇసుక దిబ్బ మీద ఉండేవి. దిగుడు నూతిలో కుండ ముంచి, నెత్తిన పెట్టుకుని, కాళ్లు కూరుకుపోయే ఇసుకలో పైకెక్కాలి. అలవాటు కొద్దీ వంగితే నీళ్లన్నీ నా ఒంటి మీదే. అత్త జీడిచెట్టు నీడన కూర్చుని వేడుక చూసేది.

"మొక్కకి పోత్తన్నావా, నువ్వే తానం సేత్తన్నావా?"

మొదట్లో పిక్కలు పట్టేసి ఏడ్చాను. రాను రాను ఆయాసం తగ్గింది, ఆకలి పెరిగింది. కుండ ఒలకడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేనే గమనించలేదు.

ఓ సాయంత్రం బడి నుంచి తొందరగా వచ్చేసరికి, అత్త కుండ మీద కుండ పెట్టుకుని చకచకా దిబ్బ ఎక్కేస్తోంది. నన్ను చూసి కూడా సిగ్గుపడలేదు. "ఇప్పుడే తగ్గినాదే" అంది. ఆవిడ ఎందుకిదంతా చేసిందో అప్పుడు అర్థమైంది. కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆ పూటే అమ్మ దగ్గరికి వెళ్లి ఘటం ఎత్తుతానన్నాను.

సంబరం నాడు కిళ్లీకొట్టు దాటుతుంటే వినిపించనే వినిపించింది, "కరెంటు స్తంబం!" అని. నా మెడ లోపలికి పోబోయింది. కానీ వంగితే ఘటం పడుతుంది, ఘటం పడితే ఊరంతటికీ కీడంటారు. పక్కనే నడుస్తున్న అత్త నా వైపు చూడను కూడా చూడలేదు.

"నడు" అంది, అంతే.

నడిచాను. వాళ్లు నవ్వడం ఆపారో లేదో తెలియదు, వెనక్కి తిరిగి చూసే వీల్లేదు. అంతవరకూ మా వీధిలో నేను చూసింది నేల ఒక్కటే. ఆ రోజు ఇళ్ల కప్పులు చూశాను, గుమ్మాల్లో నిలబడ్డ జనం మొహాలు చూశాను. నాకంటే పెద్దవాళ్లు వంగి నా కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తుంటే, నా పొడుగు మీద నాకు మొదటిసారి ముచ్చటేసింది.

అత్త పోయి చాలా ఏళ్లైంది. పొడుగు మంచిదేనని గానీ, నువ్వు బాగుంటావని గానీ ఆవిడ నాతో ఏనాడూ అనలేదు. అన్నా నేను నమ్మేదాన్ని కాదు. అందుకే నాకేమీ చెప్పకుండా నా మెడకీ కాళ్లకీ పని చెప్పింది. ఈ వయసులో మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ, మెడ మాత్రం ఇంకా ఆవిడ మాటే వింటోంది.