ఆరో వంతు నెమ్మది

సార్ పోయారు. తెలంగాణ బంద్ రోజు పొద్దున అమ్మగారు ఫోన్ చేసి ఆ రెండు మాటలే చెప్పి పెట్టేశారు. సీతాఫల్‌మండిలో మా ఇంటి నుంచి తార్నాకలో వాళ్ళ ఇంటికి క్యాంపస్‌లోంచి అడ్డంగా నడిస్తే ముప్పావుగంట. ఆటోలు లేవు, బస్సులు లేవు. గేటు దగ్గర ఒకవైపు పోలీసులు, ఇంకోవైపు విద్యార్థులు, మధ్యలో ముళ్ళకంచె. నన్ను ఎరిగిన ఒక విద్యార్థి, "తాతా, ఇయ్యాల గూడ పాటలకేనా?" అన్నాడు. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ ఏదో ఒక చురక అంటించకుండా ఊరుకోని నేను ఆ పూట కంచె వైపు చెయ్యి చూపించాను. నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా కంచె తనే పక్కకు లాగాడు.

సార్ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. అనంతపురం వైపు మనిషి. నేను అదే యూనివర్సిటీలో కరెంటు మిస్త్రీని, చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. వీళ్ళిద్దరికీ ఎక్కడ కలిసిందని క్యాంపస్‌లో చాలామంది నవ్వుకునేవారు. జాజ్ దగ్గర కలిసింది. జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతం. ఒక పాట అందుకుని ఎవరికి తోచినట్టు వాళ్ళు దాన్ని సాగదీసుకుంటూ పోతారు, ఆఖరికి అందరూ మళ్ళీ ఒకచోటికి చేరతారు. సార్‌కి అది ప్రాణం.

ముప్పై ఏళ్ళ కిందట అమెరికా నుంచి ఒక ప్రొఫెసర్ ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి వచ్చి, తిరిగి వెళ్తూ తన రికార్డు ప్లేయరునూ వందకు పైగా ఎల్పీ రికార్డులనూ సార్‌కి ఇచ్చేశాడు. ఆ ప్లేయరు నూటపది వోల్టులది. మన రెండువందల ఇరవైలో పెడితే మాడిపోతుంది. సార్ నన్ను పిలిపించారు. నేను రెండు రోజులు కూర్చుని ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి తగిలించాను. పళ్ళెం తిరిగింది, పాట వచ్చింది. సార్ కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, "ఇంక శనివారం మధ్యాహ్నాలు నువ్వు యాడికీ పోగాకు మిస్త్రీ" అన్నారు. అలా మొదలైంది.

శనివారం భోజనాలయ్యాక వెళ్ళేవాణ్ణి. రికార్డు ఒక వైపు అయిపోయేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక ఎలా ఉందని సార్ ఎన్నడూ అడగలేదు. "ఏం వినపడింది?" అని అడిగేవారు. ఒక్కటైనా చెప్పాలి. మొదట్లో ఆటపట్టించడానికి, "మూడో నిమిషంల ఎవడో కుర్చీ జరిపిండు సార్" అన్నాను. సార్ నవ్వకుండా సూది వెనక్కి పెట్టి మళ్ళీ విన్నారు. నిజంగానే ఎవడో కుర్చీ జరిపాడు! "చూసినావా, నువ్వు నాకంటే బాగా వింటావప్పా" అన్నారు. నన్ను ఏ బళ్ళోనూ ఎవరూ అలా అనలేదు. ఆ రోజు నుంచి బుద్ధిగా వినడం మొదలుపెట్టాను.

వాయించేవాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. నా పేర్లు నేను పెట్టుకున్నాను. శాక్సఫోన్ ఊదేటప్పుడు ఊపిరి కూడా వినిపించే ఆయన ఆస్తమా ఆయన. "ఊపిరి దాచిపెట్టి ఊదేవాడు నకిలీ. ఈయన అసలు మనిషి" అనేవారు సార్. పియానో మీద నాలుగు మెట్లు నొక్కాల్సినచోట ఒకటే నొక్కే ఆయన పిసినారి. "తక్కిన మూడూ మనకు ఇడిసిపెడతాడు, అవి మనం మనసులో వాయించుకోవాల" అనేవారు. ఒక డ్రమ్ములాయన సార్‌కి అసలు గిట్టేవాడు కాదు. నిద్రమొహం అని నేను పేరు పెట్టకముందే సార్ తన నోటు పుస్తకంలో, డ్రమ్ముల ముందు కూర్చుని కునుకు తీస్తాడు అని రాసేశారు. అట్ట చిరిగిపోయిన ఒక రికార్డులో ఎవరో పాడతారు, చీటీ మీద ఇంటిపేరు ఒక్కటే ఉంది. ఇంత మెత్తటి గొంతున్న మగవాణ్ణి జీవితంలో వినలేదని సార్ దాని గురించి రెండు పేజీలు రాసుకున్నారు.

అందరికంటే పైన ట్రంపెట్ ఆయన. ఏడుపాయన అనేవాణ్ణి నేను. ఆ రికార్డు పెట్టిన రోజు సార్ మధ్యాహ్నం టీ కూడా తాగేవారు కాదు. "ఈయన దుఃఖానికి తొందర లేదు మిస్త్రీ. దుఃఖం దగ్గర కూర్చుంటాడు" అనేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ప్లేయరు వచ్చిన నాలుగేళ్ళకు గెస్ట్‌హౌస్‌లో ఒక గోడగడియారం బాగు చేయమని పిలిచారు. అదీ అమెరికాదే, అదీ కరెంటుదే, దానికీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అయినా గంటకు పది నిమిషాలు వెనకబడుతోంది. ఫిజిక్స్ ల్యాబులో పనిచేసే ఒకాయన్ని అడిగితే నవ్వాడు. "వోల్టు ఒక్కటి దించితే అయితదా? వాళ్ళ కరెంటు సెకండుకు అరవై సార్లు కొట్టుకుంటది, మనది యాభై. గట్లాంటి మోటారు ఏదైనా మన దగ్గర ఆరో వంతు నెమ్మదిగనే తిరుగుతది" అన్నాడు. నేనూ నవ్వాను. మెట్లు దిగుతుంటే నవ్వు ఆగిపోయింది. సార్ ప్లేయరు!

పరుగున వెళ్ళాను. ఇంట్లో ముగ్గురు అతిథులు. ఏడుపాయన రికార్డు అప్పుడే అయిపోయింది. సార్ కళ్ళు తడిగా ఉన్నాయి. ఏడుపాయన నెమ్మది గురించి వాళ్ళకు వివరిస్తున్నారు. ఆ నెమ్మదిలో ఆరో వంతు నాదని ఎలా చెప్పను? వచ్చే శనివారం చెబుదామనుకున్నాను. ఆ వచ్చే శనివారం ఇరవై ఆరేళ్ళు రాలేదు. మధ్యలో ఒకసారి సార్ హబ్సిగూడలో ఎవరింట్లోనో పిసినారి పియానో సీడీలో విని వచ్చి, "కంపెనీవాళ్ళు కంప్యూటర్లో పెట్టి పరుగెత్తిస్తున్నారు మిస్త్రీ, లోకానికి తొందర ఎక్కువైపాయ" అని బాధపడ్డారు. నేను తల ఊపాను. లోకమంతటినీ వెక్కిరించే నేను ఆ తల ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఉద్యమం వచ్చింది. క్యాంపస్‌లో క్లాసులు ఆగిపోయాయి. సార్‌ని నేను మామూలుగానే ఏడిపించేవాణ్ణి. "తెలంగాణ వస్తె మీరు అనంతపురం పోవాలన్నా పాస్‌పోర్టు గావాలె సార్. రికార్డులు మాత్రం గీడనే ఉంటయ్." సార్ నవ్వి, "దాని మీద సంతకం పెట్టేది నువ్వే అయితే నాకేం బాధ లేదప్పా" అనేవారు. ఊరేగింపులో డప్పులు వినిపిస్తే కిటికీ తెరిచి వినేవారు. "దెబ్బ మనం అనుకున్నచోట పడకుండా రవ్వంత పక్కన పడుతుంది, విను. ఇది నేర్పితే వచ్చేది కాదు" అనేవారు.

ఒక శనివారం క్యాంపస్‌లో టియర్ గ్యాస్ వదిలారు. గాలి తార్నాక వైపు తిరిగింది. కిటికీలు మూసి, తడి తువ్వాళ్ళు ముఖాన పెట్టుకుని గదిలో సార్, నేను, వంటింట్లో అమ్మగారు కూర్చున్నాం. సార్‌కి అప్పటికే గుండె బలహీనం. దగ్గు తగ్గాక తువ్వాలు తీసి, "మిస్త్రీ, ఒకటి అడుగుతా, ఎగతాళి లేకుండా చెప్పు" అన్నారు.

"అడుగుండ్రి సార్."

"ముప్పై ఏండ్లు ఈడ ఉన్నా. బయట పిల్లోల్లు అరుస్తాండేది వింటాండా. మేం మిమ్మల్ని మోసం చేసినామా?"

"మేం అంటే ఎవరు సార్?"

"నేను అనుకో."

ఆ ముఖం చూసి నాకు జోకు రాలేదు. "మీరు చెయ్యలే సార్. చేసింది నేను" అన్నాను.

గడియారం సంగతి మొదలుకుని అంతా చెప్పాను. అమ్మగారు వంట గుమ్మంలో నిలబడి విన్నారు. సార్ పళ్ళెం వైపు తిరిగారు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఇరవై ఆరేండ్లు."

"బాగుచేసేకి ఎంతసేపు పడుతుంది?"

"మోటారు ఇరుసుకు టేపు చుట్టి జర లావు చేస్తే సరిపోతది. పది నిమిషాలు."

"పది నిమిషాల పనికి ఇరవై ఆరేండ్లు తీసుకుంటివా! అందుకేనేమో మీకు రాష్ట్రం ఇంత ఆలస్యమయ్యేది!" అన్నారు. నవ్వలేదు.

టేపు చుట్టాను. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, అమ్మగారు గడియారం పట్టుకుంటే చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పైమూడు తిరగాలి. అన్నాళ్ళూ ఇరవై ఎనిమిది తిరిగింది. సార్ ముందుగా నిద్రమొహం రికార్డు పెట్టమన్నారు. పెట్టాను. ఆ డ్రమ్ములు! వేడి పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు. వైపు అయిపోయాక, ఏం వినపడిందని సార్ నన్ను అడగలేదు. "ముప్పై ఏండ్లు ఈయన్ని తిట్టినా కదప్పా. నిద్రపోయింది మన మోటారు" అన్నారు. నోటు పుస్తకం తెచ్చుకుని ఆ పాత వాక్యం కొట్టేసి, కింద క్షమాపణ రాశారు.

తరువాత మెత్తటి గొంతు మగవాడు. సూది పెట్టగానే స్పష్టంగా ఆడమనిషి! అమ్మగారు గుమ్మంలోనే కూలబడి నవ్వారు. సార్ కూడా నవ్వారు, దగ్గొచ్చేదాకా. "రెండు పేజీలు రాసుకుంటిరే ఆయమ్మ మగతనం గురించి" అని అమ్మగారు అంటే, "ఊరుకోవే, పరువు తీయగాకు" అన్నారు.

కానీ నాకు శిక్ష తప్పలేదు. ముప్పై ఏళ్ళు నన్ను నువ్వు అన్న మనిషి, పై శనివారం తలుపు తీసి, "రండి మిస్త్రీగారూ, కూర్చోండి" అన్నారు. ఆ పైవారం కూడా అంతే. మీరు, మీరు అంటుంటే కుర్చీలో మేకులున్నట్టు కూర్చున్నాను. "ఇంక సాల్లేండి, ముసిలోడు ఏడ్చేట్టున్నాడు" అని అమ్మగారు సిఫారసు చేశారు. మూడోవారం నేను ఆలస్యంగా వెళ్తే, "ఏమప్పా, ఈపొద్దు నీకు తీరిక దొరికిందా?" అని విసుక్కున్నారు. ఆ విసుగు వినడానికి ముప్పావుగంట నడిచి వచ్చానని నాకు అప్పుడు అనిపించింది.

అన్నీ మళ్ళీ వినాలి, రాసిందంతా దిద్దాలి. సార్ పట్టుదల అదే. డాక్టరు చూపు చూసి ఆయనకు అర్థమైంది, సమయం తక్కువని. శనివారం ఒక్కటే సరిపోదని రోజూ రమ్మన్నారు. రోజూ వెళ్ళాలంటే బంద్‌లు, రాస్తారోకోలు, కరెంటు కోతలు. కంచె దగ్గర విద్యార్థులు ఆపేవారు.

"గీ బంద్ల ఏడికి తాతా?"

"పాటలు వినేతందుకు."

"లొల్లి గింత జరుగుతుంటే పాటలేంది?"

"మీకింకా వయసున్నది బిడ్డా, ఇయ్యాల గాకుంటె రేపు గొట్లాడుతరు. నేను వినిపించేటాయనకు గంత టైం లేదు, ఇడువుండ్రి."

విడిచేవారు. విడవని రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు అమ్మగారు ఫోన్ చేసి, "పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నారు, నువ్వు రాకపోతివి" అనేవారు. రోజుకు ఒకటీ రెండూ, ఓపికుంటే మూడు. ఆస్తమా ఆయన అలాగే నిలబడ్డాడు. పిసినారి కొంచెం తగ్గాడు. "ఈయన ఇడిసిపెట్టిన జాగా సగం మన మోటారుది" అన్నారు సార్, కొంచెం దిగులుగా.

ఏడుపాయన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. రెండుసార్లు నేనే తీశాను.

"అది ఆఖర్న" అన్నారు.

"ఎందుకు సార్?"

"ఆ దుఃఖం గూడా నీ మోటారుదే అయితే? ముప్పై ఏండ్లు నేను ఏడ్చింది దేనికప్పా మరి?"

రికార్డు మళ్ళీ అట్టలో పెట్టేశాను. ఇంకా ఇరవై రికార్డులు మిగిలి ఉండగా ఆ బంద్ వచ్చింది, ఆ ఫోన్ వచ్చింది.

కర్మలన్నీ అయిపోయాయి, చుట్టాలు ఊళ్ళకు వెళ్ళారు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం పలకరించడానికి వెళ్తే అమ్మగారు ఒక్కరే ఉన్నారు. కళ్ళ కింద నల్లగా, ముఖం పీక్కుపోయి. సార్ పోయిన నాటి నుంచి కునుకు పట్టడం లేదన్నారు. రికార్డుల వైపు చూసి, "మీ సారు భయపడి దాచుకున్నారే ఒకటి, అది పెట్టు మిస్త్రీ" అన్నారు.

"వద్దమ్మా."

"పెట్టు. ఆయన భయపడింది చాలు."

ముప్పై ఏళ్ళలో ఎన్నడూ ఆ గది లోపలికొచ్చి కూర్చోని మనిషి, వచ్చి సార్ కుర్చీలో కూర్చున్నారు. రికార్డు తుడిచి పెట్టాను.

ట్రంపెట్ మొదలైంది. పైస్థాయిలో, చురుగ్గా, నేను ఎరగని గొంతుతో. ఒక నిమిషం సార్ భయమే నిజమైందనుకున్నాను. తరువాత విన్నాను. సార్ నేర్పినట్టు విన్నాను. అన్నాళ్ళూ మేం విన్నది దుఃఖం దగ్గర కూర్చున్న మనిషిని. ఈయన అప్పుడే కబురు అంది, ఇంకా దారిలోనే ఉండి, గబగబా నడుస్తూ ఏడుస్తున్నాడు. ఏడుపు ఏడుపే. మోటారుది కాదు, ఆయనదే. సార్ ఆ ఒక్కటీ సరిగ్గానే విన్నారు.

చెప్పాలని చటుక్కున కుర్చీ వైపు తిరిగాను. అమ్మగారు తల ఒక పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్నారు. ఒక కాలి చెప్పు జారి పడింది.

చౌరస్తా వైపు నుంచి ఊరేగింపు వస్తున్న చప్పుడు వినిపించింది. లేచి కిటికీ రెక్కలు మెల్లగా దగ్గరికి వేశాను. ట్రంపెట్ ఆఖరికి వస్తోంది. పాట ఆగితే ఆ నిశ్శబ్దానికి లేస్తారేమోనని, సూది ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాను. అది అయిపోయాక మళ్ళీ పెట్టాను. ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చేదాకా పెడుతూనే ఉన్నాను.