మగపూల లెక్క

ఏప్రిల్ రెండో వారం. పగలు పదకొండున్నర. కాలిఫోర్నియా ఎడారిలో ఆర్మీ క్వార్టర్స్ ముందు కారు ఆపాను. బయట ముప్ఫై ఆరు డిగ్రీలు. గాలి పడమటి నుంచి, ఇసుకతో సహా. మా ఆవిడ కారు దిగలేదు. అద్దం సగం దించి చుట్టూ చూసింది.

"ఏంది గిది? చెట్టు లేదు, పిట్ట లేదు. ఇక్కడ మనుషులుంటరా?"

"రెండేళ్ళ పోస్టింగే కదా."

"ఈ మట్టిల ఒక్క గుమ్మడికాయ కాయించి చూపియ్యి. దసరా దాకా చూస్త. కాయకపోతే టెక్సాస్ పోత, కాపెల్ల మా అక్క దగ్గరికి. ఇర్వింగ్ ఆఫీసుల నా సీటు ఇంకా తీసెయ్యలే."

తమాషాకి అనలేదు. ఆమెది కరీంనగర్. మాటంటే మాటే.

నాది గుంటూరు వైపు. చదువుకోవడానికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చోలేక అమెరికా ఆర్మీలో చేరినవాణ్ణి. సైన్యమనగానే మీకు తుపాకులు కనబడతాయి. నేను పనిచేసింది సప్లై రూములో. బూట్లు, టెంట్లు, బ్యాటరీలు. ఇచ్చేటప్పుడు సంతకం, తీసుకునేటప్పుడు లెక్క. ఆ పనిలో నాలుగేళ్ళుంటే కన్నతల్లి చెంచా అడిగినా సంతకం పెట్టమనాలనిపిస్తుంది.

ఆ శనివారం పొద్దున అయిదింటికి పెరట్లో పార వేశాను. నాలుగంగుళాల కింద సున్నపు రాయిలాంటి పొర. పార ఎగిరి నా కాలి మీదే పడింది. గునపంతో రెండు శనివారాలు కొట్టాను. మన దగ్గర పాదుకి మట్టి ఎగదోస్తాం. ఎడారిలో మడి నేల కంటే జానెడు లోతుగా ఉండాలి, లేకపోతే నీళ్ళు నిలవవు. నీడకి, చిరిగి రద్దయిన కేమోఫ్లాజ్ వల కట్టాను. దానికీ నేనే సంతకం పెట్టుకున్నాను. నీళ్ళు పొద్దున అయిదుంపావుకి, సాయంత్రం ఏడున్నరకి. ఒక మడిలో బెండ, గోంగూర. అంచున బంతి. నడిమి మడిలో వదినగారు కాపెల్ నుంచి పంపిన గుమ్మడి గింజలు, ఆరు.

గునపం చప్పుడుకి పక్కింటి మెకానిక్ సార్జెంట్ బయటికి వచ్చాడు. మా రెండు పెరళ్ళకీ మధ్య మోకాలెత్తు గోడ. న్యూ మెక్సికోలో, ఇలాంటి ఎడారి ఊళ్ళోనే పుట్టినవాడు. నలభై దాటిన మనిషి. ఎడమ మోకాలికి పట్టీ, వేళ్ళకి ఎప్పుడూ గ్రీజు.

"పంప్‌కినా? బావుంది," అన్నాడు. "పొద్దున నువ్వు పీటీకి పోతావు కదా, సప్లై. ఆ టైములో దీన్ని నేను చూసుకుంటాలే."

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే అనుకున్నాను. ఊరికే ఎవడైనా ఎందుకు చూసుకుంటాడు? పైకి మాత్రం నవ్వి ఊరుకున్నాను.

జూన్ చివర్లో పాదు పూసింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను. 5:40, విచ్చుకున్న పూలు తొమ్మిది. పీటీ నుంచి వచ్చాక, 7:50, పూలు అయిదు. మర్నాడు ఎనిమిది, వచ్చేసరికి నాలుగు. కుందేలైతే ఆకులు కొరకాలి. ఉడతైతే రేకులు చిందరవందర చెయ్యాలి. ఇక్కడ కాడలు గోటితో గిల్లినట్టు ఉన్నాయి. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పీటీ కోసం మా దళం మొత్తం పరిగెడుతూ ఉంటుంది, మోకాలికి పట్టీ ఉన్న ఒక్క మనిషి తప్ప.

"పూలెవడు దొంగతనం చేస్తడయ్యా? బంగారమా?" అంది మా ఆవిడ.

"వాళ్ళ వంటల్లో గుమ్మడి పూలు వేస్తారు. నెట్‌లో చూశాను."

"అయితే తిననియ్యి."

"పువ్వు పోతే కాయెక్కడిది? దసరా అన్నది నువ్వే కదా!"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత ఉందిగా. ఆ ఉచ్చే పన్నాను. జులైలో ఒక సోమవారం, తొమ్మిది గంటలు, ఆర్మీ బండ్లు నిలిపే మోటార్ పూల్. బండ్ల దగ్గర డజను మంది ఉన్నారు. గొంతు పెంచి అన్నాను, "నా పెరట్లో పూలు పోతున్నాయి. దొంగని పట్టుకోవడం సులువే. పుప్పొడి అంత తొందరగా వదలదు."

అందరూ నన్ను చూశారు. మెకానిక్ సార్జెంట్ ఒక్కడే తన కుడి చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు. నల్లటి గ్రీజు మీద పసుపు.

"దొరికాడు!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత ఇంగ్లీషులో అందరికీ వినబడేలా దొంగ అన్నాను.

"ఓకే, సప్లై," అన్నాడతను. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకొని, పదింటికి నేను నడపాల్సిన ట్రక్కు కిందికి దూరి బ్రేకులు చూడటం మొదలుపెట్టాడు.

అంతటితో ఆగానా? మా పై అధికారి ఫస్ట్ సార్జెంట్‌కి కాగితం రాసిచ్చాను, పూల లెక్కతో సహా. ఆయన చదివి నా ముఖంలోకి చూశాడు. "ఫ్లవర్సా?" "యస్, ఫస్ట్ సార్జెంట్." సాయంత్రానికల్లా, గోడ దాటి నా పెరట్లోకి రానని మెకానిక్ సార్జెంట్ చేత సంతకం పెట్టించారు.

మర్నాడు తొమ్మిదికి తొమ్మిది పూలు. మీసం మెలేశాను. ఆకుల చాటున అప్పటికే ఒక కాయ పిడికిలంత అయింది. కానీ కొత్త పిందెలు మొన దగ్గర పసుపెక్కి, మెత్తబడి, మూడో రోజుకి రాలిపోయాయి. ఏడు పిందెల్లో ఒక్కటీ నిలవలేదు. కక్షకొద్దీ గోడ అవతల నుంచి ఏదో పోశాడనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, డీజిల్ తగులుతుందేమోనని మట్టి వాసన చూశాను.

"నీకు ఎండ తలకెక్కింది," అంది మా ఆవిడ కిటికీలోంచి. ఆ వారమే వాళ్ళక్కకి ఫోన్ చేసి గది ఖాళీగా ఉందా అని అడిగింది. మిగిలిన ఆ ఒక్క కాయ ఎప్పుడు రాలుతుందో తెలియదు.

ఆగస్టులో పద్నాలుగు రోజుల ఎక్సర్‌సైజ్, ఎడారిలో యుద్ధాభ్యాసం. ఆరో రోజు, 12:20, నలభై అయిదు డిగ్రీలు. ఎండిన వాగులో నా ట్రక్కు ఆగిపోయింది. ఆగిన బండ్లని బాగుచేసే రికవరీ జట్టుని రేడియోలో పిలిచాను.

"రికవరీ, ఇది సప్లై ఫోర్. ఫ్యాన్ బెల్టు తెగింది. ఓవర్."

"సప్లై ఫోర్, నలభై నిమిషాల్లో వస్తా. ట్రక్కు నీడలో కూర్చో. నీళ్ళు తాగు. ఓవర్."

మెకానిక్ సార్జెంట్ గొంతే. కాసేపు గరగర. మళ్ళీ అతనే పిలిచాడు.

"సప్లై ఫోర్, నీ పాదు ఎలా ఉంది? ఓవర్."

ఏం ఎత్తు వేస్తున్నాడో అనుకున్నాను. "పిందెలు రాలుతున్నాయి. నీకు తెలియనట్టు. ఓవర్."

"రాలతాయి. క్వార్టర్స్‌లో తేనెటీగలు లేవు. మగపువ్వు తెంపి ఆడపువ్వులో రుద్దాలి. పొద్దున్నే చెయ్యాలి, ఎండ ముదిరితే పుప్పొడి చచ్చిపోతుంది. రోజూ నేనే రుద్దేవాణ్ణి. పని అయిపోయిన పూలే వండుకోవడానికి తీసుకెళ్ళాను. చూసుకుంటానంటే నువ్వు నవ్వావు, సరే అన్నావనుకున్నా. ఇప్పుడు నేను రాకూడదు. నువ్వు చేసుకో. ఓవర్."

బటన్ నొక్కాను. మళ్ళీ వదిలేశాను.

"సప్లై ఫోర్, విన్నావా? ఓవర్."

"విన్నాను. ఓవర్."

ముప్ఫై అయిదు నిమిషాల్లో వచ్చి బెల్టు మార్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సారీ నాలిక చివరిదాకా వచ్చింది. థాంక్స్ అన్నాను, అదీ బెల్టుకే.

అతను రుద్దిన రోజుల్లో కట్టిన ఆ ఒక్క కాయ రాలలేదు. దసరా రోజు పొద్దున కోశాను. నాలుగు కిలోలుంది. కత్తి పెట్టే ముందు మా ఆవిడకి అంతా చెప్పేశాను.

"నీ అనుమానం పాడుగాను!" అంది. "కాయ కాసింది, మాటిచ్చిన, ఉంట. కాని ఇది నువ్వు కాయించింది కాదు. సగం తీస్కపోయి ఆ మనిషికియ్యి. సారీ చెప్పకుండ లోపలికి రాకు."

అతను పెరట్లో కుర్చీ బాగు చేసుకుంటున్నాడు. గోడ దగ్గర నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాను. తప్పంతా నాదేనన్నాను, ఆ కాగితం చింపించేశానన్నాను. గుమ్మడి చెక్క అందుకొని వాసన చూసి నవ్వాడు.

"ఇటు దాటి రా, సార్జెంట్. పాదు చూద్దువు గాని," అన్నాను.

అతను గోడ దగ్గరే ఆగాడు. "సంతకం పెట్టాను, సప్లై," అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రెండో ఏడు తన వైపు తనూ గుమ్మడి పెట్టాడు. నా పాదుకి మగపూలు లేని రోజున, నేను లేచేసరికి గోడ మీద కోసి పెట్టి ఉండేవి. నా వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. పోస్టింగ్ అయిపోయి కారెక్కే రోజున కూడా గోడ అవతల నుంచే చెయ్యి కలిపాడు.

ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉంటున్నాం. యూనిఫాం విప్పేశాను. ఇక్కడ తేనెటీగలు బోలెడు, చేత్తో రుద్దే పనే లేదు. అయినా పొద్దున ఆరింటికి పెరట్లోకి పోతాను. పోయిన ప్రతిసారీ అదే కనబడుతుంది. మోకాలెత్తు గోడ, దాని మీద వరసగా నాలుగు పసుపు పూలు, అవతల చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి.