పెట్రోలు మింగిన సంగతి దాచాను

నా దగ్గుకు మా బావ కారణం కాదు. ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

తొంభైల మధ్యలో, చిక్కడపల్లిలోని మా ఇంట్లో, నాన్న వదిలేసిన పాత స్కూటర్‌ను బాగుచేయడానికి కూర్చున్నాను. మా బావ సత్యం, నా భార్య సుజాత వాళ్ళన్న, అప్పుడు మాతోనే ఉండేవాడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయనకు టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడి తగ్గించుకున్నాడు.

ఓ ఆదివారం ట్యాంకులోని పాత పెట్రోలు తీయాల్సి వచ్చింది. పైపు పెట్టి నోటితో లాగబోయాను.

"నోటితోని గుంజకు బావా. జర ఆగు, నారాయణగూడ పోయి చేతి పంపు తెస్త," అన్నాడు బావ.

"నువ్వు వచ్చేసరికి దీనికి ఇంకో పదేండ్లు నిండుతయి."

ఆయన అటు వెళ్ళగానే లాగాను. గుక్కెడు గొంతులోకి పోయింది. పొలమారి, ఊపిరాడక నేల మీద కూలబడ్డాను. బావ వచ్చేసరికి మూతి కడుక్కుని, "బండి వంచి ఒంపేసిన" అని బొంకాను.

సాయంత్రానికి జ్వరం. మర్నాడు దగ్గు, కుడి పక్క పోటు. అశోక్‌నగర్ డాక్టర్ ఎక్స్‌రే చూసి, "కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చలా ప్యాచ్ ఉంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" అన్నారు.

"మా కోడలి అన్నకు ఉండె సార్. ఒక్క ఇంట్లనే ఉంటున్నం," అంది అమ్మ.

"కెమికల్స్ ఏమైనా పీల్చారా?" అని నన్ను అడిగారు. లేదన్నాను. బావ వద్దన్న పని చేశానని అమ్మ ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

యాంటీబయాటిక్స్ మొదలయ్యాయి. కాలు ఒకచోట నిలిచేది కాదు. మంచం మీంచి గుమ్మానికి, గుమ్మం నుంచి స్కూటర్ దగ్గరికి, మళ్ళీ మంచానికి. అమ్మ బావ కంచం వేరుగా పెట్టింది. మూడో రోజు ఆయన సంచి సర్దుకున్నాడు.

"అంబర్‌పేట్‌ల దోస్తు రూం ఉన్నది. నువ్వు మంచిగైనంక వస్త."

సుజాత ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

కఫం తీసి చేసిన స్పూటమ్ టెస్ట్ మూడుసార్లూ నెగెటివ్. జ్వరం పోయినా దగ్గు పోలేదు, ప్యాచ్ పోలేదు. "టీబీ మందులు స్టార్ట్ చేద్దామా అనుకుంటున్నా," అన్నారు డాక్టర్. నెలల తరబడి మందులనగానే భయమేసి, అమ్మను బయటికి పంపి నిజం చెప్పాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. "కెమికల్ న్యుమోనియా ఇది, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చింది. పెట్రోలు మింగినోడివి నువ్వు చెప్పకపోతే ఎక్స్‌రే ఏం చెప్తుందయ్యా?"

ఇంటికొచ్చి టీబీ కాదని మాత్రం అన్నాను. ఎలా వచ్చిందో చెప్పలేదు. కొన్ని వారాలకు ఎక్స్‌రే క్లియర్ అయింది. అమ్మ అనుమానం క్లియర్ కాలేదు. బావ రాలేదు.

ఇప్పుడు దగ్గు లేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. స్కూటర్ నడుస్తోంది. చదివేవారికి ఓ మాట చెబుతాను: పెట్రోలు నోటితో లాగకండి. పొరపాటున మింగితే వాంతి చేసుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

నేను ఇంట్లో చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. బావను అన్నానికి పిలిచి, అమ్మ, సుజాత వింటుండగా అంతా చెప్పాను. అమ్మ తల దించుకుంది.

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అన్నాడు బావ.

"సిగ్గుపడ్డ. నా సిగ్గు దాచుకుందామని, తెలిసి తెలిసి నిన్ను ఇంట్లకెల్లి పోనిచ్చిన. తప్పు నాది బావా. మాఫ్ చెయ్యి."