విమానంలో ఉపవాసం

నా చెల్లెలి రెండో పెళ్ళికి నేను విమానంలో వెళ్ళాను. సరదాకు కాదు, వేరే దారి లేక. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, రాత్రిపూట టపా మోసే విమానాలు అప్పుడే మొదలయ్యాయి. ఢిల్లీలో సాయంత్రం వేసిన ఉత్తరం తెల్లవారేసరికి మద్రాసులో దిగేది. ఆ ఉత్తరాల మూటల ముందు కొన్ని మెత్తని కుర్చీలు వేసి, డబ్బున్నవాళ్ళను కూడా తీసుకుపోయేవారు. నాకు డబ్బు లేదు. ఢిల్లీలో నేను పనిచేసే పత్రిక యజమాని తనకోసం ఉంచుకున్న కుర్చీ నాకు ఇచ్చాడు.

చెల్లెలికి ఊహ తెలియకముందే పెళ్ళి చేశారు. ఊహ తెలిసేసరికి విధవ అన్నారు. ఆ మాట ఆమె మీద వేసినవాళ్ళలో ఒక్కడైనా ఆమె మొహం చూసి మాట్లాడినవాడు లేడు. ఇన్నేళ్ళకు చిత్తూరులో ఒక బడిపంతులు ఆమెను చేసుకుంటానని ముందుకొచ్చాడు. మా నాయన ఔననలేదు, కాదనలేదు. ఆయన భయమంతా తన అన్నను చూసి. తిరుపతిలో ఉండే మా పెదనాయన ఈ పెళ్ళి జరగనివ్వడు. ఆయన కాశీకి వెళ్ళి ఉన్నాడు. తిరిగి వచ్చేలోగా పెళ్ళి అయిపోవాలని ముహూర్తం ముందుకు లాగారు. దాంతో నాకు రైలుకు వ్యవధి లేకపోయింది.

నాయన ఒక్క మాట తేల్చి చెప్పాడట. "నేను పీటల మీద కూర్చోను. పెద్దోడు వచ్చి కూర్చుంటే అడ్డం రాను. వాడు రాకపోతే పెండ్లి లేదు."

పెద్దోడంటే నేనే. అంటే కన్యాదానం నేను చెయ్యాలి. ఆడపిల్ల ఏమైనా ఆవుదూడా దానం ఇవ్వడానికి అని రాసినవాణ్ణి నేనే. ఆ రాతలో ఒక్క అక్షరం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆ పీట మీద కూర్చోవడానికి నేను వెళ్ళకపోతే, చెల్లెలు మళ్ళీ, విధవ అని ఇన్నాళ్ళూ కూర్చోబెట్టిన ఆ వెనక గదిలోకే పోతుంది. ఇక అమ్మ, పెళ్ళికొడుకు చేతనే రాయించి ఒక కోరిక పంపింది. దానం చేసేవాడు ఉపవాసం ఉండాలి కాబట్టి ముందురోజు రాత్రినుంచి ఏమీ తినకుండా రమ్మంది. నానుంచి తాను అడిగేది అదొక్కటేనట.

విమానం లేచి కాసేపయ్యాక, తెల్లకోటు బట్లరు అందరి ఒళ్ళలో పళ్ళేలు పెట్టాడు. వేయించిన కోడి, వెన్న రాసిన రొట్టె, ద్రాక్షపళ్ళు. కుర్చీ వెనక్కి వాలుతుంది, కాళ్ళ మీద ఉన్ని కంబళి, తలకు దిండు. మా జిల్లాలో జమీందారు కూడా ఇంత సుఖంగా పడుకొని ఉండడు. నేను మాత్రం పొట్ట పట్టుకొని, పళ్ళెం వెనక్కి పంపించాను.

పక్క కుర్చీలో పెద్దాయన తలపాగా సర్దుకుంటూ అన్నాడు, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?"

తెలుగు విని ఉలిక్కిపడ్డాను. ఆయన చిత్తూరులో బెల్లం మండీ నడిపే సాయిబు. వ్యాపారం పని మీద ఢిల్లీ వచ్చి తిరిగి పోతున్నాడు.

"బాగానే ఉంది. ఆకలి లేదు."

"నిన్ను యాడో సూసినానే." కాసేపు నా మొహంలోకి చూశాడు. "గ్రహణం నాడు మా బజార్లో బండి మీద నిలబడి వడలు తిన్నది నువ్వే గదా?"

"నేనే."

"ఆ పొద్దు గ్రహణం విడిసేదాకా తిన్నావు. ఈ పొద్దు ఏం పట్టిందని మానుకున్నావు?"

జరిగింది చెప్పాను. ఆయన రొట్టె నములుతూ అంతా విన్నాడు.

"అయితే మీయమ్మకు భయపడినావు."

"భయం కాదు. పెళ్ళి జరగడానికి లంచం."

"లంచం ఇచ్చేవోడు ఆకలితో మాడేది ఇప్పుడే సూస్తా ఉండా." ఆయన నవ్వుకు ఒళ్ళో పళ్ళెం గలగలమంది. "తినేసి, తినలేదని సెప్పు. పైన సూసేదెవురు?"

"పైన ఎవరూ లేరని ఊరూరా చెప్పింది నేనే."

"మరింకేం?"

"కింద మా అమ్మ ఉంది."

ఆయన ఇక నవ్వలేదు. తన పళ్ళెం మీద రుమాలు కప్పి బట్లరును పిలిచాడు. "ఇది తీసుకోని పో. ఈయన ముందర తినేకి సిగ్గుగా ఉండాది."

నాగపూరులో దిగాం. నాలుగు పట్నాల నుంచి వచ్చే నాలుగు విమానాలు అక్కడ కలుసుకొని, టపా మార్చుకొని ఎవరి దారిన వాళ్ళు పోవాలి. ప్రయాణికులు కూర్చోవడానికి తివాచీ పరచిన పెద్ద గది, తోలు సోఫాలు, తెల్లగుడ్డ పరచిన బల్లలు ఉన్నాయి. వేడివేడి ఆమ్లెట్ల వాసనకు నా కళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగి ఒక మూల కూర్చున్నాను.

కలకత్తా విమానం రాలేదు. దారిలో గాలివాన అన్నారు. దాని మూటలు రాకుండా తక్కినవేవీ కదలవు.

ఒక ఘడియ మంచిది, ఒక ఘడియ చెడ్డది అనేవాళ్ళను నేను వేదికలెక్కి వెక్కిరించాను. ఇప్పుడు ఆ గదిలో గడియారం చూడలేక, కుర్చీ గోడకేసి తిప్పుకొని కూర్చున్నాను. ఘడియలో ఏమీ లేదన్న సంగతి నాకు తెలుసు. కానీ ఆ ఘడియను నమ్మే మనిషి చిత్తూరులో మా ఇంటి అరుగు మీద ఉన్నాడు. అది దాటితే నాయన లేచి పైపంచె దులుపుకొని లోపలికి పోతాడు. ఇంకో ముహూర్తం దొరికేలోగా పెదనాయన దిగుతాడు. ఆ తరవాత పంతులు ఎంతకాలం కాచుకుంటాడు? ఎక్కడో ఏ ఇంజను మోగినా లేచి గుమ్మం దాకా వెళ్ళాను. అది మోటారుబండి అయ్యేది, లేకపోతే వాన.

"కూసోప్పా. నువ్వు నడిస్తే అది తొందరగా రాదు" అన్నాడు సాయిబు.

"తెలుసు."

"తెలిసి నడిసేవోణ్ణి ఏమంటాం?"

నేను మళ్ళీ గుమ్మం దాకా నడిచాను.

ఎట్టకేలకు కలకత్తా విమానం వచ్చింది. మూటలు మార్చారు. మేము లేచాక ఆ గాలివాన మాకూ తగిలింది. మెరుపు మెరిసినప్పుడల్లా రెక్క తెల్లగా కనిపించి మాయమయ్యేది. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. చావు భయం వేసిందా అంటే వేసింది. దేవుణ్ణి తలుచుకోలేదు. నేను రాకపోతే పెళ్ళి లేదన్న నాయన మాటే తలుచుకున్నాను. ఆ మెత్తని దిండును రెండు చేతులా పిసుకుతూ మద్రాసు దాకా వచ్చాను.

దిగేసరికి ఎండ ఎక్కింది. సాయిబు కోసం వాళ్ళ మోటారు వచ్చి ఉంది. నన్ను ఎక్కించుకొని, డ్రైవరుతో "యాడా ఆపొద్దు, కాఫీకి గూడా" అన్నాడు. రాణిపేట దాటాక ముహూర్తం వేళ అయిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మా వీధి మొదట్లో నన్ను దింపి, ఆయన ముందుకు పోయాడు.

మేళం వినిపించలేదు. పెళ్ళి జరిగే ఇంట్లో మేళం ఉండాలి. పందిట్లో చాపల మీద జనం పలుచగా ఉన్నారు. ముందు నాకు కనిపించింది చెల్లెలి మెడలో పసుపుతాడు. దాన్ని కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

నాయన పీట పక్కన తడి పంచెతో ఉన్నాడు. నా వైపు చూడకుండా, తప్పంతా నాదే అన్నట్టు మాట్లాడాడు. "గడియ దాటిపోతా ఉండె. నువ్వు రాలేదు. ఆ పిల్ల నా పక్కే సూస్తా ఉండె. ఏం సెయ్యమంటావు?"

అమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయింది.

"తిన్నావా?"

"లేదమ్మా. నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"మీ నాయన పొద్దున్నే ఇడ్లీలు తిన్నాడురా. కూసునేది నువ్వు గదా అని నేనే పెట్టినా. మంత్రాలు సెప్పే అయ్యవారు ఉపవాసమేనా అని అడిగితే, ఈయన నా పక్క సూసినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఔనన్నా."

తరవాత ఆమె ఆకు వేసింది, నీళ్ళు చల్లింది, అన్నం తెచ్చింది.

"ఎల్లుండి పెదనాయన వస్తాడు కదమ్మా" అన్నాను.

"రానీ. వొచ్చి తాడు తెంపుతాడా?" అంటూ పప్పు వడ్డించింది.