సిరాబుడ్డిలో ఆకు

నా చిన్నప్పుడు పటాన్‌చెరులో మాకు కిరాణా దుకాణం ఉండేది. దాని వెనక గదిని, కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనకు కిరాయికిచ్చాం. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కిటికీలో ఒక గాజు సీసా, అందులోంచి చువ్వల మీదుగా కిందికి వేలాడే మనీ ప్లాంట్ తీగ. ఆకుల మీద పసుపునీళ్లు చిలకరించినట్టు మరకలు. మట్టి లేకుండా అది ఏం తిని బతుకుతోందో నాకు అంతుపట్టేది కాదు. బడి నుంచి రాగానే సంచీ పడేసి దాని ముందు కూర్చునేదాన్ని.

అలాంటి తీగ మా దుకాణం గుమ్మానికీ పాకాలని నా కోరిక. నానమ్మ మాత్రం, "అడిగి తెస్తే రాదు బిడ్డా, దొంగతనంగ తెస్తెనే కలిసొస్తది" అని తేల్చేసింది. అప్పట్లో అందరిదీ అదే నమ్మకం. ఒకరోజు అక్క బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లినప్పుడు, అన్నిటికంటే పెద్ద ఆకును తొడిమతో సహా గిల్లి తెచ్చి సిరాబుడ్డిలో నీళ్లు పోసి పెట్టాను.

నెల దాటింది. ఆకు వాడలేదు. తొడిమ చివర రెండు తెల్లటి వేళ్లు కూడా వచ్చాయి. చిగురు మాత్రం లేదు. ఎందుకు రాదో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకునేది. అడిగితే నా దొంగతనం బయటపడుతుంది, ఇక అక్క నన్ను గదిలోకి రానివ్వదేమోనని భయం. చివరికి ఎంతో తెలివిగా అడిగాననుకున్నాను.

"అక్కా, నా దోస్తు ఒక ఆకును నీళ్లల్ల పెట్టింది. తీగెందుకు వస్తలేదు?"

అక్క నవ్వు ఆపుకుంది. "నీ దోస్తుకు చెప్పు. ఉత్త ఆకు ఎన్నొద్దులైనా గట్లనే ఉంటది. గీడ సూడు, తీగ మీద కణుపున్నది గద? చిగురు గీడనే వస్తది. దీనికి జెర కిందికి కోసి, కణుపు నీళ్లల్ల మునిగేటట్టు పెట్టాలె. చీకట్ల పెడితే పసుపు మరకలు పోతయ్, వెలుతురు తగలాలె."

నేను తల దించుకున్నాను. ఆమె కత్తెర తెచ్చి కిటికీలో పెట్టింది. చేటలో బియ్యం పోసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"నేను రాళ్లేరుకుంట. నీ దోస్తును దొంగతనం చేసుకొమ్మను. జల్దీ కానియ్."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రెండింటి మధ్యే కణుపు కింద కోశాను. కొన్నాళ్లకు దాని పక్క నుంచి చుట్టుకున్న చిగురొకటి బయటికొస్తే, మొదట పరుగెత్తుకెళ్లి చెప్పింది అక్కకే.

తర్వాత వాళ్లు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కు వెళ్లిపోయారు. ఆ తీగ నుంచి ముక్కలు కోసి పెంచుకుంటూ వచ్చిందే ఇప్పటికీ మా ఇంటి కిటికీలో ఉంది. పక్కింటి పాప దాని చుట్టూ తిరుగుతూ ఏమీ అడగలేక నిలబడితే నాకు సంగతి తెలిసిపోతుంది. ముందు కణుపు ఎక్కడుందో చూపిస్తాను. తర్వాత కత్తెర కిటికీలో పెడతాను. ఈ రోజుల్లో బియ్యంలో రాళ్లెక్కడివి? అయినా చేట పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాను.